సెంటన్ అంటే ఎన్ని నిమిషాలు?

ముప్పై మూడు నిమిషాలంటే ఎంతో అందరికీ తెలుసు. ఆ కాస్త సమయంలో అన్నం తినవచ్చు, స్నానం చేసి బట్టలు మార్చుకోవచ్చు, కాసేపు నడుం వాల్చవచ్చు. నిద్ర మాత్రం కుదరదు. పట్టీ పట్టకముందే లేవాల్సి వస్తుంది.

2004లో మొదలైన కొత్త 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా' సీరియల్ తొలి ఎపిసోడ్ మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. దాని పేరు కూడా '33'. సొంత గ్రహాలు బూడిదైపోయాక, మిగిలిన కొద్దిమంది ఓడల్లో పారిపోతుంటారు. సైలాన్లనే యంత్రశత్రువులు సరిగ్గా 33 నిమిషాలకోసారి వాళ్ళ మీదకు వచ్చి పడుతుంటారు. వచ్చిన ప్రతిసారీ ఓడలన్నీ జంప్ చేసి అంతరిక్షంలో ఇంకో చోటికి తప్పించుకోవాలి. అక్కడ గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. 130 గంటలు దాటినా ఇదే తంతు, అంటే 230 సార్లకు పైమాటే. మాసిన గడ్డాలు, ఎర్రబడ్డ కళ్ళు, చిన్న మాటకే చిర్రెత్తిపోయే మనుషులు, మధ్యమధ్యలో గడియారం ముల్లు. చూసేవాళ్ళకి టెన్షన్ ఎక్కించడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేకపోయింది. ఆ ఎపిసోడ్‌కు 2005లో హ్యూగో అవార్డు వచ్చింది.

ఇదే కథ 1978 నాటి పాత 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా'లో వచ్చి ఉంటే, అందులో వాడిన కొలతల ప్రకారం డైలాగు ఇలా ఉండేది: "సైలాన్లు 33 సెంటన్లకోసారి వస్తున్నారు." విన్నవాళ్ళకి మొదట పుట్టేది భయం కాదు, సందేహం. సెంటన్ అంటే ఎంత? నిమిషమా, గంటా? 33 గంటలైతే అంత హడావిడి దేనికి? ఈ లెక్క తేలేలోపు సన్నివేశం దాటిపోతుంది.

కల్పించిన మాటలు, కల్పించిన కొలతలు సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో మొదటి నుంచీ ఉన్నవే. వాటిలో కొన్ని జనం నోళ్ళలో నిలిచిపోయాయి, కొన్ని ఆ సీరియల్‌తోనే పోయాయి. ఏది నిలుస్తుంది, ఏది పోతుంది అన్నది అదృష్టం మీద ఆధారపడిన విషయమేమీ కాదు. ఆ మాట చూసేవాళ్ళ చేత ఏ పని చేయిస్తోందన్న దాని మీదే అంతా ఉంది. ఒకే కథ పాతికేళ్ళ తేడాతో రెండుసార్లు తయారైంది కాబట్టి, ఈ సంగతి పరీక్షించి చూడటానికి గెలాక్టికాను మించిన ఉదాహరణ దొరకదు.

పాత సీరియల్‌ను గ్లెన్ లార్సన్ తయారుచేశారు. అమెరికాలో ఏబీసీ చానల్లో 1978 సెప్టెంబరు 17న మొదలై ఒక్క సీజన్‌తో ముగిసింది. అందులోని మనుషులది భూమి కాదు. పన్నెండు కాలనీ గ్రహాలు వాళ్ళవి. భూమి వాళ్ళకి పురాణాల్లో విన్న పేరు మాత్రమే, దాన్ని వెతుక్కుంటూ బయల్దేరతారు. అందుకే వాళ్ళ కాలానికి వేరే పేర్లు పెట్టారు. సెకనులాంటిది మైక్రాన్, నిమిషంలాంటిది సెంటన్, గంటలాంటిది సెంటార్, వారంలాంటిది సెక్టన్, ఏడాదిలాంటిది యారెన్. వీటికి తోడు కుక్కకు డ్యాగిట్, చిరాకు పడటానికి ఫ్రాక్, పనికిమాలిన మాటకు ఫెల్గర్‌కార్బ్.

ఈ ఆలోచన వెనకున్న తర్కాన్ని కొట్టిపారేయడానికి లేదు. రోజు అంటే భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడం. ఏడాది అంటే సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడం. రోజును గంటలుగా, గంటను అరవైగా కోయడం ప్రాచీన నాగరికతల నుంచి వచ్చిన అలవాటు. చివరికి సెకను కూడా అంతే. 1967లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ సీజియం పరమాణువు ఆధారంగా దానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. 919,26,31,770 కంపనాలకు పట్టే సమయం ఒక సెకను. పరమాణువు విశ్వమంతటా ఒకటే కానీ, ఆ వింత సంఖ్య మాత్రం భూమి రోజుతో సరిపోయేలా ఏరుకున్నదే. కాబట్టి భూమినే ఎరగని మనిషి "పది నిమిషాల్లో వస్తా" అంటే తప్పే. లార్సన్ బృందం ఆ తప్పు చేయకూడదనుకుంది.

చిక్కంతా ఆ తర్వాతి అడుగులో ఉంది. కాలనీల మనుషులు మాట్లాడేది ఇంగ్లిష్ కాదు కదా. వాళ్ళ భాషలోని ప్రతి మాటా ప్రేక్షకుల కోసం ఇంగ్లిష్‌లోకి మారి వినిపిస్తోందన్నది అందరూ ఒప్పుకున్న ఏర్పాటు. అమ్మ, తలుపు, యుద్ధం, ప్రేమ, అన్నీ అనువాదమైపోయాయి. అలాంటప్పుడు నిమిషం ఒక్కటే ఎందుకు అనువాదం కాకుండా ఉండిపోయింది?

దీనికి ఒక మంచి సమాధానం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కొలతల పేర్లు మామూలు మాటల్లా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దిగవు. "మూర మల్లెపూలు" అన్న మాటను "నలభై అయిదు సెంటీమీటర్ల మల్లెపూలు" అని మారిస్తే పొడవు వస్తుంది కానీ, పూలమ్మి మోచేతి నుంచి వేలికొస దాకా దండను లాగి పట్టే ఆ చెయ్యి పోతుంది. గంపెడు, గుప్పెడు, జానెడు, బెత్తెడు అన్నీ ఇలాంటివే. ఈ మాటలు అంత గట్టిగా నిలవడానికి కారణం, వాటి వెనక ఒక శరీరం, ఒక పని ఉండటం. ఆమడ లెక్కన దూరాలు కొలిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఆమడంటే ఎన్ని మైళ్ళని అడిగితే ఎక్కువమంది తడుముకుంటారు. అయినా "వాడికి ఆమడ దూరంలో ఉండు" అంటే అర్థం కానివాళ్ళు లేరు.

సెంటన్ వెనక అలాంటిదేమీ లేదు. ఏ గ్రహం తిరుగుడులోంచి వచ్చిందో కథ చెప్పదు. ఏ పని చేయడానికి పట్టే సమయమో చూపించదు. నిమిషం అన్న మాట తీసి ఆ ఖాళీలో దీన్ని పెట్టారు, అంతే. రాసేవాళ్ళకైనా లోపల ఒక స్పష్టమైన ఊహ లేకపోవడంతో అది ఒకచోట నిమిషంలా, ఇంకోచోట గంటలా వినిపించింది. ఏది ఎంతో తేల్చడానికి అభిమానులు తర్వాత తర్వాత పట్టికలు తయారుచేసుకున్నారు. చూస్తున్నప్పుడే తెలియాల్సిన విషయం అది.

మైక్రాన్‌ది మరీ ఘోరం. అది నిజంగా ఉన్న మాట. మీటరులో పది లక్షల వంతు, అంటే పొడవుకి కొలత. సెకనుకు కొత్త నిర్వచనం ఇచ్చిన 1967-68 మహాసభే మైక్రాన్ అనే పేరును అధికారిక పట్టికలోంచి తీసేసి మైక్రోమీటర్ చాలంది. అయినా వాడుకలోంచి పోలేదు. మన దగ్గరైతే 120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ సంచులు వాడకూడదన్న నిబంధనతో కూరగాయల బజారు దాకా వచ్చేసింది. అలా సంచి మందంగా చెవిలో పడ్డ మాటను టీవీలో సెకను బదులు వింటే మనసు ఒప్పుకోదు. కొత్త మాట పుట్టించడం ఒక కష్టం. పాత అర్థం అంటుకుని ఉన్న మాటకు కొత్త అర్థం అంటించడం రెండు కష్టాలు.

ఆ సీరియల్‌లో పని చేసిన కొలత ఒకటుంది, యారెన్. సైలాన్లతో వెయ్యి యారెన్ల యుద్ధం అన్నప్పుడు ఎవరూ తడబడరు. శబ్దం ఇంగ్లిష్ 'ఇయర్'కు దగ్గరగా ఉంది, అదొక కారణం. అంతకంటే ముఖ్యమైనది, అక్కడ లెక్కతో పని లేకపోవడం. వెయ్యి యారెన్లంటే తరతరాలుగా, ఎప్పటి నుంచో ఎవరికీ గుర్తులేనంత కాలంగా అని అర్థం. అది 900 సంవత్సరాలైనా 1200 అయినా కథ మారదు. సెంటన్ విషయంలో మాత్రం బాంబు పేలడానికి ఎంత సమయం ఉందన్నదే కథ.

ఇక్కడ ఒక విభజన కనిపిస్తుంది. కొలతను ఒక సీరియల్ రెండు రకాలుగా వాడుకోగలదు. ఒకటి రంగు కోసం, ఇది వేరే లోకం అని గుర్తుచేయడానికి. రెండోది ప్రేక్షకుడు మనసులో లెక్క కట్టి కంగారు పడటానికి. మొదటి పనికి ఏ కల్పిత మాటైనా సరిపోతుంది. రెండో పనికి ప్రేక్షకుడి ఒంట్లో అప్పటికే ఉన్న కొలత కావాలి. పాత గెలాక్టికా రెండో పనిని మొదటి రకం మాటలతో చేయించబోయింది.

ఆస్ట్రేలియాలో చిత్రీకరించిన 'ఫార్‌స్కేప్' 1999 నుంచి 2003 దాకా వచ్చింది. ఈ చిక్కును అది తెలివిగా దాటింది. అందులోనూ మైక్రాట్, ఆర్న్, సైకిల్ అని సెకను, గంట, ఏడాదులకు వేరే పేర్లున్నాయి. అయితే కథానాయకుడు జాన్ క్రైటన్ భూమి మీది వ్యోమగామి. దారి తప్పి ఆ లోకంలో పడ్డవాడు. ప్రేక్షకుడికి తెలియని మాట అతనికీ తెలియదు. వేరే ఊరు ఉద్యోగానికి వెళ్ళినవాడు అక్కడి యాసను మొదట విని, తర్వాత వెక్కిరించి, చివరికి తనకు తెలియకుండానే మాట్లాడేసినట్టు, క్రైటన్ నోట కూడా మైక్రాట్ రావడం మొదలవుతుంది. అప్పటికి చూసేవాళ్ళకీ అలవాటైపోతుంది. పైగా మైక్రాట్ దాదాపు సెకనంత ఉంటుంది, మారిపోదు. వంద మైక్రాట్లంటే మనసులో వంద లెక్కపెట్టుకుంటే చాలు. ఒంటికి తెలిసిన కొలతకు వేరే పేరు పెట్టి, అది నేర్చుకోవడానికి సమయం కూడా ఇచ్చారు. కల్పిత కాలమానం టీవీలో సరిగ్గా కుదిరిన అరుదైన సందర్భం ఇది.

'స్టార్ ట్రెక్' దారి వేరు. 1966లో జీన్ రాడెన్‌బెరీ ఆ సీరియల్ మొదలుపెట్టినప్పుడు కథ ఏ శతాబ్దంలో జరుగుతోందో కచ్చితంగా చెప్పదలచుకోలేదు. అందుకు కనిపెట్టినదే స్టార్‌డేట్. కెప్టెన్ తన డైరీ చదువుతున్నట్టు "స్టార్‌డేట్ ఇంత" అంటూ మొదలుపెడతాడు. ఏవో నాలుగు అంకెలు, ఒక దశాంశం ఎంచుకుని మీ కథకు పెట్టుకోండి అన్నదే రచయితలకు ఇచ్చిన సూచన. ఎపిసోడ్లు తీసిన వరసలో ప్రసారం కాలేదు కాబట్టి ఆ అంకెలు ముందుకీ వెనక్కీ పోయాయి. ఓడ వేగాన్ని బట్టి, అంతరిక్షంలో ఉన్న చోటును బట్టి స్టార్‌డేట్ మారుతుందని తర్వాత వివరణ చెప్పుకున్నారు.

లెక్కలేని ఈ అంకె అరవై ఏళ్ళుగా ఎలా నిలిచింది? పెళ్ళి శుభలేఖ తీసి చూస్తే తెలుస్తుంది. "స్వస్తిశ్రీ చాంద్రమాన శ్రీ క్రోధి నామ సంవత్సర మార్గశిర శుద్ధ..." అని మొదలవుతుంది. ఆ వరస చదివి ఆఫీసులో సెలవు పెట్టేవాళ్ళు ఉండరు. కళ్ళు నేరుగా కిందున్న ఇంగ్లిష్ తేదీ మీదకు, ముహూర్తం గంటల మీదకు వెళ్తాయి. అయినా ఆ మొదటి వరస లేకపోతే అది శుభలేఖలా అనిపించదు. ఇది మామూలు రోజు కాదు, ఒక కార్యం మొదలవుతోంది అని చెప్పడమే దాని పని. స్టార్‌డేట్ చేసేదీ అదే. ఓడలోని మనుషులు పరస్పరం కలుసుకోవడానికి గంటలూ నిమిషాలే చెప్పుకుంటారు. స్టార్‌డేట్‌తో కబురు పెట్టుకోరు.

1987లో వచ్చిన రెండో స్టార్ ట్రెక్ సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్' ఈ అంకెలకు ఒక పద్ధతి పెట్టింది. తొలి ఎపిసోడ్ స్టార్‌డేట్ 41153.7. ముందున్న 4 ఇరవై నాలుగో శతాబ్దానికి గుర్తు, తర్వాతి 1 మొదటి సీజన్‌కు. ఏడో సీజన్ వచ్చేసరికి 47 అయింది. అంటే ఏడాదికి వెయ్యి. ఆ లెక్కన ఒక స్టార్‌డేట్ దాదాపు 8 గంటల 46 నిమిషాలు, చుక్క తర్వాతి అంకె ఒకటి పెరగడానికి 53 నిమిషాలు. ఈ లెక్క తెలియకుండానే ఆ సీరియల్ మొత్తం హాయిగా చూడవచ్చు.

ఓడ వేగాన్ని చెప్పే వార్ప్ ఫ్యాక్టర్ కథ ఇంకా ఆసక్తికరం. వార్ప్ 1 అంటే కాంతి వేగం. మొదటి సీరియల్ నాటి సూత్రం ప్రకారం అంకెను ఘనం చేస్తే కాంతికి ఎన్ని రెట్లో వస్తుంది. వార్ప్ 6 అంటే 216 రెట్లు, వార్ప్ 8 అంటే 512 రెట్లు. ఈ సూత్రం ప్రేక్షకులకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళకి అవసరమూ రాలేదు. ఎందుకంటే వార్ప్ ఫ్యాక్టర్ కొలతలా కాకుండా మెట్లలా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు పెరిగినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఒక రకంగా ఉంటుంది, పదో నంబరు అంటే ఇంట్లో అందరి ముఖాలూ మారిపోతాయి. ఏ నంబరుకు గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లో పడవ వాళ్ళకి, వాతావరణ శాఖ వాళ్ళకి తెలుస్తుంది. మిగతావాళ్ళకి నంబరు పెరగడమే వార్త. ఇంజినీరు "కెప్టెన్, వార్ప్ 8 దాటితే ఓడ తట్టుకోదు" అన్నప్పుడు కలిగే కంగారు ఆ జాతిదే.

మెట్లకు మాత్రం ఒక ఇబ్బంది ఉంది. పై మెట్టు ఎక్కడో తేల్చాలి. మొదటి సీరియల్‌లో అంకెలు ఇష్టం వచ్చినట్టు పైకి పోయాయని 'నెక్స్ట్ జనరేషన్' బృందం వార్ప్ 10ని అనంత వేగంగా, ఎవరూ అందుకోలేనిదిగా పెట్టింది. శాస్త్రం పరంగా చక్కటి ఆలోచన. కథ పరంగా మాత్రం తలనొప్పి అయింది. వేగం పెరిగిందని చెప్పాలంటే 9.2, 9.6, 9.9 అంటూ దశాంశాల్లో దూరాల్సి వచ్చింది. ఆ తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్ 'వాయేజర్'లోని ఓడ గరిష్ఠ వేగం 9.975. తొమ్మిది నుంచి పదికి మధ్య సందులోనే అంతా సర్దాలి. 9.9కీ 9.975కీ ఎంత తేడా ఉందో సూత్రం ప్రకారం చాలా ఉన్నా చెవికి ఏమీ ఉండదు. 1996లో ఆ సీరియలే ఒక ఎపిసోడ్‌లో వార్ప్ 10ని దాటించింది. దాటినవాళ్ళు ఉభయచరాల్లాంటి జీవులుగా మారిపోతారు. అభిమానులు ఈనాటికీ ఆ కథను క్షమించలేదు. అంతకు రెండేళ్ళ ముందు 'నెక్స్ట్ జనరేషన్' చివరి ఎపిసోడ్‌లో, భవిష్యత్తులో జరిగే సన్నివేశాల్లో, ఓడకు హాయిగా వార్ప్ 13 ఇచ్చేశారు. సూత్రం ఏమైపోయిందని ఆ క్షణాన ఎవరికీ అనిపించదు. పదమూడు అన్న అంకె వినగానే కావలసిన పని అయిపోతుంది.

స్టార్ ట్రెక్ కల్పించిన కొలతల్లో అన్నిటికన్నా ముందుచూపు ఉన్నది క్వాడ్. కంప్యూటర్‌లో ఎంత సమాచారం పడుతుందో చెప్పడానికి బైట్ల బదులు కిలోక్వాడ్, గిగాక్వాడ్ అంటారు. ఒక క్వాడ్‌కు ఎన్ని బైట్లో ఎక్కడా చెప్పలేదు. చెప్పకూడదనే ఆ మాట పుట్టించారు. కంప్యూటర్లు ఎంత వేగంగా మారిపోతున్నాయో తెలిసిన బృందం, తమ సీరియల్ పదేళ్ళకే వెనకబడినట్టు కనిపించకూడదనుకుంది.

ఆ జాగ్రత్త ఎందుకు అవసరమో అదే సీరియల్ ఒకచోట చూపించింది. 1989 ఫిబ్రవరిలో వచ్చిన ఎపిసోడ్ అది. డేటా అనే యంత్రమానవుడు మనిషా, లేక ఓడ సామానా అని విచారణ జరుగుతుంది. తన సామర్థ్యం ఎంతో డేటా స్వయంగా చెబుతాడు. జ్ఞాపకం 800 క్వాడ్రిలియన్ బిట్లు, వేగం సెకనుకు 60 ట్రిలియన్ లెక్కలు. 1989లో అది ఊహకందని సంఖ్య. ఇవాళ జ్ఞాపకం సంగతి ఫర్వాలేదు. లెక్క కడితే లక్ష టెరాబైట్లు, ఇంకా పెద్దగానే వినిపిస్తుంది. సెకనుకు 60 లక్షల కోట్ల లెక్కలన్న వేగాన్ని మాత్రం గేమ్స్ ఆడుకోవడానికి కొనే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే దాటేస్తోంది. ఇరవై నాలుగో శతాబ్దపు అద్భుతం టేబుల్ కింద కంప్యూటర్ పెట్టెలో తిరుగుతోంది. ఆ సన్నివేశం గొప్పతనం అంకెల్లో లేదు కాబట్టి ఎపిసోడ్ ఇప్పటికీ కదిలిస్తుంది. అయినా క్వాడ్లలో చెప్పి ఉంటే ఆ చిన్న మరక కూడా పడేది కాదు.

క్వాడ్ గెలిచిన చోటే సెంటన్ ఓడిపోయింది. రెండిటికీ కచ్చితమైన విలువ లేదు. క్వాడ్‌ను మాత్రం ఎవరూ లెక్క కట్టమని అడగలేదు.

ఈ రెండు సీరియళ్ళనూ కలిపే మనిషి రొనాల్డ్ డి. మూర్. 'నెక్స్ట్ జనరేషన్', ఆ తర్వాత 'డీప్ స్పేస్ నైన్' రచయితల్లో ఒకరిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. అక్కడ శాస్త్రీయంగా వినిపించే మాట రావాల్సిన చోట రచయితలు స్క్రిప్టులో ఉత్త 'టెక్' అని రాసి వదిలేసేవారని, సలహాదారులు తర్వాత ఏదో ఒక పదబంధంతో ఆ ఖాళీ నింపేవారని ఆయనే తర్వాత చెప్పారు. ఓడ ఆపదలో పడేదీ టెక్ వల్లే, బయటపడేదీ టెక్ వల్లే. అందులో మనిషి చేసేదేమిటి? ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 2003లో గెలాక్టికాను మళ్ళీ తయారుచేసే పని చేతికొచ్చినప్పుడు ఆ ఖాళీలను పూర్తిగా తీసేయాలనుకున్నారు. లోకం వేరేదైనా, మనుషులు, భయాలు, గడియారాలు తెలిసినవే ఉండాలి. సెంటన్, సెక్టన్, మైక్రాన్ అన్నీ పోయాయి. గంటలు, నిమిషాలు వచ్చాయి. లోకం వేరన్న సంగతి కంటికి చూపించారు. వాళ్ళ కాగితాలకు నాలుగు మూలలూ కత్తిరించి ఉంటాయి. ఒక్క మాట కూడా ఖర్చు కాకుండా తేడా తెలిసిపోతుంది.

అన్నీ పోయినా ఒక్క మాట ఉండిపోయింది. ఫ్రాక్.

పాత సీరియల్‌లో అది మెత్తటి విసుగుమాట. కొత్తదానిలో ఇంగ్లిష్ స్పెల్లింగ్‌ను నాలుగు అక్షరాలకు కుదించి, ఇంగ్లిష్‌లోని అసలు బూతుమాట వాడే ప్రతి చోటా దీన్ని పెట్టారు. క్రియగా, విశేషణంగా, తిట్టుగా, వేరే మాటలకు అతికించి కూడా. చానల్ వాళ్ళు అభ్యంతరం చెప్పడానికి లేదు, బీప్ వేయడానికి లేదు. నటుల ముఖాల్లో కోపం మాత్రం నూటికి నూరుపాళ్ళు అసలుదే. కొద్దికాలానికే వేరే సీరియళ్ళలోని పాత్రలు కూడా దాన్ని వాడటం మొదలుపెట్టాయి.

విలువ తెలియని సెంటన్ చచ్చిపోయి, అర్థం తెలియని ఫ్రాక్ ఎలా బతికింది? తెలుగులో "నీ తస్సాదియ్యా" అనే మాట ఉంది. తస్సా అంటే ఏమిటని అడిగితే చాలామంది చెప్పలేరు. అయినా ఎప్పుడు అనాలో, ఎవరిని అనాలో, ఏ గొంతుతో అంటే మెచ్చుకోలో, ఏ గొంతుతో అంటే కోపమో అందరికీ తెలుసు. తిట్టుకు కావలసింది నిఘంటువులోని అర్థం కాదు. నాలుకకు ఒక దెబ్బ, గొంతులో ఒక బరువు, ఎదురుగా ఒక సందర్భం. ఫ్రాక్‌లో చివరి 'క్' తలుపు వేసినట్టు ఠక్కున ఆగుతుంది. విన్న మొదటిసారే అర్థమవుతుంది, పదోసారికి సొంతమవుతుంది. ఫార్‌స్కేప్‌లోని ఫ్రెల్, 1988లో బీబీసీలో మొదలైన 'రెడ్ డ్వార్ఫ్'లోని స్మెగ్ కూడా ఈ దారిలోనే నడిచాయి. ఫెల్గర్‌కార్బ్ మాత్రం నడవలేకపోయింది. కోపంలో ఉన్న మనిషి మూడు ముక్కల మాట పూర్తిగా పలికేదాకా ఆగడు.

కొత్త గెలాక్టికా నుంచి జనంలోకి వెళ్ళిన ఇంకో మాటలో అసలు కల్పితమైన పదమే లేదు. 'సో సే వి ఆల్', అంటే అందరిదీ ఇదే మాట అని. ప్రార్థన చివర తథాస్తు అన్నట్టు అంటారు. కొత్త సీరియల్‌కు ముందుమాటలా 2003లో వచ్చిన మినీ సిరీస్‌లో మృతుల అంత్యక్రియల దగ్గర పూజారిణి ఆ మాట అంటే, జనం నీరసంగా గొణుగుతారు. కమాండర్ అడామా దాన్ని అందుకుని మళ్ళీ మళ్ళీ, ఒక్కోసారి ఇంకాస్త గట్టిగా అంటూ పోతాడు. గొణుగుడు కాస్తా గర్జన అవుతుంది. 2009 మార్చిలో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఆ సీరియల్ మీద చర్చ జరిగినప్పుడు, అడామా పాత్రధారి ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ మాట్లాడుతూ ఆ మాట అందుకుంటే సభలోనివాళ్ళు గొంతు కలిపారు. నాలుగు చిన్న మాటలు, అన్నీ బడిపిల్లలకు తెలిసినవే. వరస మాత్రమే కొత్తది.

పూర్తి భాషలు నిర్మించడం వేరే విద్య. భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ స్టార్ ట్రెక్‌లోని క్లింగన్లనే గ్రహాంతర జాతి భాషకు వ్యాకరణం కట్టి 1985లో నిఘంటువు వేశారు. 'ద ఎక్స్‌పాన్స్' సీరియల్ కోసం నిక్ ఫార్మర్ గ్రహశకలాల పట్టీలో పుట్టి పెరిగిన బెల్టర్లకు ఒక కలగూర భాష తయారుచేశారు. ఎక్కడెక్కడి నుంచో పనికి వచ్చినవాళ్ళ భాషలన్నీ కలిసిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అది. బెల్టర్లు సైగలు కూడా చేతులతో పెద్దగా చేస్తారు. స్పేస్‌సూట్ తొడుక్కున్న మనిషి తల ఊపితే అవతలివాళ్ళకి కనిపించదు కాబట్టి వచ్చిన అలవాటది. మాటలన్నీ కల్పించిన ఆ సీరియల్, కొలతల దగ్గరకు వచ్చేసరికి ఒక్కటి కూడా కల్పించలేదు. బడిలో సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు అని బట్టీపట్టిన 'జి', అంటే భూమి ఆకర్షణ కొలత మీదే కథంతా నడిపింది.

అంగారకుడి మీద పెరిగినవాళ్ళకి 0.38 జి అలవాటు. బెల్టర్లకి అంతకంటే తక్కువ. వాళ్ళ ఎముకలు సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. 2015 నాటి మొదటి ఎపిసోడ్‌లో భూమి మీద ఒక బెల్టర్ ఖైదీని విచారిస్తారు. కొట్టరు, తిట్టరు. నిలబెట్టి వేలాడదీస్తారు, అంతే. భూమి మీద అందరూ రోజూ మోసే బరువే అతన్ని నలిపేస్తుంది. ఒక జి అంటే ఎంతో అప్పటిదాకా లెక్కల పుస్తకంలో చదివినవాళ్ళకి, ఆ ముఖం చూశాక ఇంకోలా తెలుస్తుంది.

రెండో సీజన్‌లో ఇంకో సన్నివేశం ఉంది. సాలమన్ ఎప్స్టీన్ అనే ఇంజినీరు తన చిన్న ఓడ ఇంజిన్‌లో ఏదో మార్పు చేసి ఒంటరిగా పరీక్షకు బయల్దేరతాడు. అది అతను అనుకున్న దానికంటే ఎన్నో రెట్లు బాగా పనిచేస్తుంది. ఓడ వేగం పుంజుకుంటూనే ఉంటుంది, ఆగదు. అతని ఒళ్ళు కుర్చీలోకి కూరుకుపోతుంది. ఇంజిన్ ఆపే మీట కళ్ళెదురుగానే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. మామూలుగానైతే చెయ్యి చాచడానికి ఒక క్షణం పడుతుంది. అతను చెయ్యి లేపబోతాడు. లేవదు.